ఏకాంబరం ఎంచిన మిషన్

కన్నియప్పన్ ఆ ఆదివారం ఏకాంబరం ఇంటికి వచ్చింది ఊరికే పలకరించి పోవడానికి కాదు. పెయింటింగ్ కాంట్రాక్టర్‌గా అతనికి పాత మహాబలిపురం రోడ్డు మీద పెద్ద అపార్టుమెంట్ల పని తగిలింది. లోపలి గోడలు అద్దంలా ఉండాలని బిల్డరు షరతు. ఆడవాళ్ళను పెట్టి చేత్తో రుద్దించుకుంటూ పోతే గడువుకు తేలే పని కాదది. గోడలు రుద్దే మిషన్ కొనక తప్పదు. బజారులో నానా రకాలున్నాయి, ఏది కొనాలో అతనికి తెలీదు.

"ఒక్కసారి వచ్చి చూసి చెప్పన్నా. గోడ పట్టు తెలిసినవాడివి నువ్వు" అన్నాడు అరవంలో.

ఏకాంబరం తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. అందుకని కూచోవడమైనా, కునుకు తియ్యడమైనా అతనికి ఆ కుర్చీలోనే. మాట్లాడాలంటే ముందుగా కొంత గాలి కూడబెట్టుకోవాలి.

అతని ముత్తాత ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి సున్నాలు కొట్టే పనికి మద్రాసు వచ్చి తొండియార్‌పేటలో నిలబడిపోయాడు. ఆ వంశంలో అందరూ గోడలు నమ్ముకున్నవాళ్ళే. సున్నం పోయి డిస్టెంపర్ వచ్చింది, డిస్టెంపర్ పోయి పుట్టీ వచ్చింది. పుట్టీ వచ్చాక పని తీరే మారిపోయింది. బ్లేడుతో రెండు పూతలు పట్టించాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాత చెక్కముక్కకు గరుకు ఉప్పుకాగితం చుట్టి గోడంతా రుద్దాలి. రుద్దుతుంటే మైదాపిండి జల్లెడ పట్టినట్టు తెల్లటి పొడి రాలుతుంది. మొహానికి తువ్వాలు కట్టుకోవడం తప్ప ఇంకో జాగ్రత్త ఎవరికీ తెలీదు. సాయంత్రం దులుపుకుంటే పోయే దుమ్మే గదా అనుకున్నారు. ఏకాంబరమూ అట్లాగే అనుకుని వయసంతా రుద్దాడు.

దగ్గు మొదలైనప్పుడు వీధి చివరి డాక్టరు క్షయ అన్నాడు. మాత్రలు నెలల తరబడి మింగాడు. దగ్గు తగ్గలేదు సరిగదా, మెట్లెక్కితే ఆయాసం కూడా తోడైంది. చివరికి గవర్నమెంటు ఛాతీ ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకెత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలికి పోయిన దుమ్ము లోపలే ఉండిపోయిందని, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, అవి మళ్ళీ మెత్తబడవని చెప్పింది. ఇక దుమ్ము దరిదాపులకు పోవద్దంది.

అతను పోలేదు. అతనికి బదులు కోకిల పోయింది.

కోకిల అతని భార్య. పెళ్ళైన కొత్తలోనే డబ్బాలు అందించడానికి అతని వెంట పనికి వచ్చేది. ఇప్పుడు అతను పట్టిన చెక్కముక్కనే పట్టి కన్నియప్పన్ దగ్గర గోడలు రుద్దుతోంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జుట్టు, కనుబొమలు, కనురెప్పలు అన్నీ తెల్లగా ఉండేవి. కుర్చీలో కూచుని ఆమె రాకను చూడటమంటే ఏకాంబరానికి తనకు జరిగినదంతా మొదటి నుంచీ మళ్ళీ చూడటంలా ఉండేది. మానెయ్యమని అనలేడు. కూతురు శ్రీప్రియ టి. నగర్‌లో చీరల కొట్టులో పనికి కుదిరింది గానీ, ఆ జీతం ఒక్కదానితో ఇల్లు గడవదు.

అందుకే కన్నియప్పన్ మాట విన్నాక అతనిలో చాలాకాలంగా లేని కదలిక ఒకటి వచ్చింది.

"వస్తాను. కానీ ఆ మిషన్ కోకిల చేతికే ఇయ్యాల. నేను నేర్పిస్తా" అన్నాడు.

"వదినే నడపనీ. నాకు గోడ నున్నగా వస్తే చాలు."

ఆ సాయంత్రం శ్రీప్రియ ఫోనులో రుద్దే మిషన్ల వీడియోలు వెతికి పెట్టింది. ఆ పిల్ల ఇంట్లోనూ అరవమే మాట్లాడుతుంది. తండ్రి తెలుగులో అడిగితే అరవంలో బదులిస్తుంది. ఎవరో తెల్లవాడు పొడుగాటి కర్రలాంటి మిషన్ పట్టుకుని పైకప్పు రుద్దుతుంటే, పొడి ఒక్క రవ్వ కూడా కింద పడటం లేదు. ఆ వీడియో ఏకాంబరం మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూశాడు.

"ఆ దుమ్మంతా యాడికి పోతుండాది పాపా?"

శ్రీప్రియ వేలితో చూపించింది. మిషన్ వెనకాల ఒక లావాటి గొట్టం, గొట్టం చివర చక్రాల మీద ఒక డబ్బా.

కన్నియప్పన్ మర్నాడు ఏకాంబరాన్ని తన వ్యానులోనే తీసుకుపోయాడు. బ్రాడ్‌వే దగ్గరి సందులో పరంధామయ్య పనిముట్ల కొట్టు. పరంధామయ్య తాతల నాటి నుంచి వ్యాపారంలో ఉన్న తెలుగు శెట్టి. ఏకాంబరం బ్లేడులూ బ్రష్షులూ కొన్నది ఆయన దగ్గరే. మనిషి చిక్కి సగమైపోయి కనబడేసరికి గల్లా దగ్గరి నుంచి లేచి వచ్చి స్టూలు వేయించాడు.

"ఏమయ్యా ఏకాంబరం, ఇట్టా అయిపోయినావే!"

"అట్లే అయిపోయినా శెట్టిగారూ. గోడ రుద్దే మిషన్ చూడాల."

వెనక గదిలో పాత గోడొకటి ఉంది. మిషన్లు ఆడించి చూపడానికని దానికి పుట్టీ పట్టించి ఉంచారు. పరంధామయ్య ఒక్కొక్కటే తెప్పించాడు. కన్నియప్పన్ మనసు ముందుగా పోయింది పట్టా తిరిగే మిషన్ మీదికి. దాని హోరు అతనికి నచ్చింది.

"అది కొయ్యపనికి. పుట్టీ మీద పెడితే కాలవలు తవ్వేస్తాది" అన్నాడు ఏకాంబరం.

రెండోది అరచేతిలో ఇమిడేది, చదరంగా ఉండి గడగడా వణికేది. పని చక్కగానే చేస్తుంది. కానీ ఒక గోడ అయ్యేసరికి చెయ్యి తిమ్మిరెక్కిపోతుంది, మెడ ఎత్తి పైకప్పు రుద్దడం అసలు కుదరదు. కిటికీ పక్కలకు, మూలలకు మాత్రమే బాగుంటుంది. మూడోది గుండ్రంగా తిరిగేది. ఏకాంబరం ఫోను లైటు గోడకు పక్కవాటుగా పట్టమన్నాడు. ఎదురుగా చూస్తే కనబడని గుండ్రటి గీతలు పక్క వెలుతురులో గోడంతా బయటపడ్డాయి. వేగం తగ్గించుకునే మీట దానికి లేదు. ఎప్పుడూ ఒకే ఉరుకు.

ఆఖరుకు పొడుగు మెడ మిషన్ వచ్చింది. మెడ చివర పళ్ళెమంత తల, దాని అంచు చుట్టూ కుచ్చులా మెత్తటి బ్రష్షు, వెనక గొట్టం. గోడ ఎటు వాలితే తల అటు వాలుతుంది. వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఏకాంబరం స్టూలు మీద కూచునే దాన్ని పట్టుకున్నాడు. కొంచెం బరువే. అయినా నిచ్చెనెక్కే అవసరం లేదు, బరువంతా గోడే మోస్తుంది.

"ఇదీ" అన్నాడు.

"సరి. కానీ ఈ డబ్బా, గొట్టం దేనికి? ఉత్త మిషన్ చాలదా?" అన్నాడు కన్నియప్పన్.

"ఉత్తదీ ఇస్తాం. చానామంది అట్లే కొంటారు" అన్నాడు పరంధామయ్య.

ఏకాంబరం తల అడ్డంగా ఊపాడు. మాటల్లో చెప్పేంత ఊపిరి లేదు. గొట్టం ఊడదీసి మిషన్ వేయమని సైగ చేశాడు. పనివాడు వేశాడు. తల గోడకు తగిలీ తగలకముందే తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. చెక్కముక్కతో రుద్దితే పొడి రాలి కాళ్ళ మీద పడుతుంది. ఇది అట్లా కాదు, పొడిని ఇంకా సన్నగా నూరి మొహం మీదికే విసురుతోంది. ఏకాంబరానికి దగ్గు తెర వచ్చింది. స్టూలు మీద నుంచి నేల మీదికి జారి, గోడకు చేతులు ఆనించి దగ్గుతూనే ఉన్నాడు. పెదాలు నీలంగా తిరిగాయి. పరంధామయ్య నీళ్ళు తెప్పించాడు. కన్నియప్పన్ బెదిరిపోయాడు.

తేరుకోవడానికి చాలాసేపే పట్టింది. తేరుకున్నాక ఏకాంబరం అన్న మాట ఇంతే: "ఇప్పుడు గొట్టం పెట్టి వెయ్యి."

గొట్టం పెట్టి వేశారు. హోరు తప్ప ఏమీ లేదు. బ్రష్షు కుచ్చులోంచి పొడంతా డబ్బాలోకి పోయింది. కన్నియప్పన్ ఏకాంబరం మొహంలోకి సూటిగా చూడలేక, "డబ్బాతోనే ఇయ్యండి శెట్టియారే" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆ ఇంట్లో మంచి వారాలు. ఏకాంబరం కుర్చీలోంచే కోకిలకు పాఠం చెప్పాడు. చీపురు పట్టుకుని చూపించాడు.

"ఒకచోట నిలపబాక. నిలిపితే ఆడ గుంట పడతాది. పైనుంచి కిందికి, మళ్ళా అడ్డంగా. గట్టిగా అదమబాక, దాని పని దాన్ని చేసుకోనీ. ముందు నూట ఎనభై నంబరు ఉప్పుకాగితం, ఆఖరున ఇంకా సన్నది, రెండు వందల ఇరవై. మూలలు మాత్రం చేత్తోనే."

"సర్లే మామా, ఎన్నిసార్లు చెప్తావు?" అని కోకిల నవ్వేది.

సాయంత్రం ఆమె నల్లటి జుట్టుతో ఇల్లు చేరేది. వచ్చీ రాగానే ఏకాంబరం ఆమె తలవైపు చూసేవాడు. ఆమెకూ తెలుసు అతను ఎందుకు చూస్తున్నాడో. ఒకరోజు కావాలనే అతని ముందు నిలబడి జడ విప్పి, దులిపి చూపించింది. నేల మీద ఏమీ రాలలేదు. తన బతుకు ఎట్లా పోయినా ఇదొక్కటి సరిగా చేశాననుకున్నాడు అతను.

తర్వాత కోకిల తడిజుట్టుతో రావడం మొదలైంది.

"ఆడ నీళ్ళు బాగుండాయి మామా. తలంటుకోని వస్తుండా" అంది. తొండియార్‌పేటలో నీళ్ళకు పడే పాట్లు తెలిసినవాడు కాబట్టి అతను నమ్మాడు. నమ్మాలనీ ఉంది.

లూర్దుమేరి చెప్పేదాకా అసలు సంగతి తెలియలేదు. ఆమె పక్క వీధి మనిషి, కోకిలతో కలిసి అదే సైట్లో పనిచేస్తుంది. జ్వరమొచ్చి ఇంటి దగ్గరే ఉన్న ఒక రోజు, ఏకాంబరాన్ని చూద్దామని వచ్చి గుమ్మంలో కూచుంది.

"ఆ మిషన్ వచ్చినాక మాకు దుమ్ము ఇంకా ఎక్కువైందన్నా" అంది అరవంలో.

"ఎట్లా ఎక్కువయితాది? గొట్టం ఉండాది గదా?"

లూర్దుమేరి తెల్లబోయి అతనివైపు చూసింది. "గొట్టం తీసేసి శానా రోజులైంది. కోకిల చెప్పలేదా?"

మర్నాడు కోకిల వెళ్ళిన తర్వాత ఏకాంబరం లూర్దుమేరిని తోడు తీసుకుని షేర్ ఆటోలు మారుతూ సైటుకు పోయాడు. దారిలో దిగిన ప్రతిచోటా కూచోవలసి వచ్చింది. అపార్టుమెంటులో లిఫ్టు ఇంకా పెట్టలేదు. అదృష్టమో ఏమో, కోకిల ఆరోజు కింది అంతస్తులోనే ఉంది.

గది గుమ్మంలోంచి చూస్తే లోపల ఏమీ కనబడలేదు. పొగమంచు నిండినట్టు తెల్లగా ఉంది. మిషన్ హోరు మాత్రం వినబడుతోంది. కాసేపటికి ఆ తెలుపులో ఒక నీడ కదిలింది. మొహానికి తువ్వాలు, తలకు పాత చొక్కా చుట్టుకుని మిషన్ పట్టుకుని ఉన్నది కోకిలే. బాల్కనీలో ఆ డబ్బా ఓ మూలకు తోసేసి ఉంది. దాని మీద ఎవరో అన్నం సంచులు పెట్టుకున్నారు. ఏకాంబరం గోడ పట్టుకుని నడిచి ప్లగ్గు దగ్గరికి పోయి స్విచ్చి ఆపాడు.

కరెంటు పోయిందనుకుని కోకిల వెనక్కి తిరిగింది. అతన్ని చూసి అట్లాగే నిలబడిపోయింది.

కన్నియప్పన్‌ను ఎవరో పిలుచుకొచ్చారు.

"నేనేం చెయ్యనన్నా?" అన్నాడు అతను, ఏకాంబరం నోరు తెరవకముందే. "గది గదికీ డబ్బా ఖాళీ చెయ్యాలి. ఫిల్టరు పూడుకుపోతే పీల్చదు. కొత్త ఫిల్టరుకు శెట్టి దగ్గర చెప్పి పెట్టా, కంపెనీ నుంచి రాలేదంటాడు. గొట్టం తీస్తే పని పరుగెత్తుతోంది. ఇంజనీరు రోజూ నా గొంతు మీద కూచుంటున్నాడు."

"గొట్టం లేకుంటే ఇది విషం. దీనికంటే చెక్కతో రుద్దుకోవడం మేలు. నీకు శెట్టి కొట్లో చూపించినా గదా!"

"చూపించినావు. కానీ మిషన్ వచ్చినాక ఆరుగురు చేసే పని ఒక్కరు చేస్తుండారని ఇంజనీరుకు తెలిసిపోయిందన్నా. మళ్ళా చెక్క పట్టుకుంటే ఊరుకుంటాడా?"

అతను అబద్ధం చెప్పడం లేదు. అది ఏకాంబరానికీ తెలుస్తూనే ఉంది. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక నిలబడ్డాడు. కన్నియప్పన్‌కే జాలి వేసి డబ్బా విప్పి, లోపలి ఫిల్టరు తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇంటికి తీసుకుపోయి శుభ్రం చేసి పంపు. పీలిస్తే రేపే గొట్టం పెట్టిస్తా. ఒట్టు."

ఏకాంబరం ఆశగా కోకిల వైపు చూశాడు. "అందాకా పని ఆపు" అన్నాడు.

కోకిల తువ్వాలు కిందికి లాగింది. తువ్వాలు కప్పని చోటంతా తెలుపే.

"ఈ గది ఈ పొద్దే ముగియాల మామా. నువ్వు ఇంటికి పో. ఈడ నిలబడబాక, నీకు మంచిది కాదు."

"కోకిలా..."

"నేను కాదంటే ఇంకొకరు పట్టుకుంటారు. పోయ్యా, నీకు పుణ్యముంటాది."

అతని పక్కనుంచి నడిచి వెళ్ళి స్విచ్చి ఆమే వేసింది.

ఇంటికి చేరేసరికి ఏకాంబరానికి ఒంట్లో శక్తి లేదు. అయినా ఫిల్టరు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. మడతలు మడతలుగా ఉన్న దళసరి కాగితం. మడతల్లో పొడి దిట్టంగా కూరుకుపోయి ఉంది. గుమ్మం బయట రాతికి కొట్టి చూశాడు. లేచిన దుమ్ముకు ప్రాణం పోయినంత పనైంది. పాత బ్రష్షుతో గీకాడు. పైపైన పోయిందే గానీ మడతల లోపలికి బ్రష్షు దూరలేదు. ఇంకోసారి దులిపే ఓపిక లేదు. నీళ్ళలో నానబెడితే దుమ్ము లేవకుండా అదే వదులుతుంది అనుకున్నాడు. బకెట్టులో ముంచి పెట్టి, కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. అలసటకు అట్లాగే నిద్రపట్టింది.

తెల్లవారి తీసి చూస్తే ఫిల్టరు చేతికి బరువుగా తగిలింది. పుట్టీ అంటే సిమెంటు సంతతి. నీళ్ళు తగిలితే గట్టిపడుతుంది. జీవితమంతా ఆ పొడిని నీళ్ళతో కలిపి గోడలకు పట్టించినవాడు ఏకాంబరం. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా నిన్న తోచలేదు. మడతలన్నీ ఒకటై బిగుసుకుపోయాయి. గోటితో గీకితే కాగితమే చినిగింది.

కోకిల పనికి బయలుదేరుతూ అతని చేతిలోది చూసింది. విషయం అర్థమైంది.

"పోనీలే" అంది. "కొత్తది వస్తాదిలే."

"నా చేతులతో నేనే చెడగొట్టినానే."

"ఊరుకో మామా. అది బాగుండినా వాళ్ళు పెట్టింటారా? రెండు రోజులు పెట్టి మళ్ళా పీకేసింటారు."

ఓదార్చడానికే అంది. కానీ ఆ మాట అతన్ని ఓదార్చలేదు. అది నిజమే అయ్యుంటుందని అతనికి తెలుసు.

శ్రీప్రియ చేత పరంధామయ్యకు ఫోను చేయించాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ మోడల్ కంపెనీ వాళ్ళు మానేశారని, కొత్త మోడల్ ఫిల్టరు దీనికి పట్టదని ఆఖరికి ఆయన చెప్పాడు. గుడ్డ చుట్టి చూడమన్నాడు. కోకిల పాత చీర ముక్క చుట్టి చూసింది. దుమ్ము గుడ్డను దాటి మోటారులోకి పోయి డబ్బా ఆగిపోయింది. ఆ డబ్బాను కన్నియప్పన్ పాత సామాన్లవాడికి వేసేశాడు.

మిషన్‌కు మాత్రం ఏమీ కాలేదు. పొడుగు మెడ మిషన్ నున్నగా పని చేస్తోందన్న మాట మిగతా కాంట్రాక్టర్లకూ పాకింది. ఇద్దరు ముగ్గురు ఏకాంబరం ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. "డబ్బాతోనే కొనండి, ఫిల్టర్లు రెండు మూడు ఎక్కువ తీసిపెట్టుకోండి" అని ఊపిరి కూడదీసుకుని ప్రతివాళ్ళకూ చెప్పాడు. వాళ్ళు శ్రద్ధగా తలలాడించారు. తర్వాత ఉత్త మిషన్ కొనుక్కుని పోయారని పరంధామయ్య చెప్పాడు. ఆ తర్వాత ఎవరైనా వస్తే ఏకాంబరం పడుకున్నాడని చెప్పించడం మొదలుపెట్టాడు, పడుకోలేని మనిషే అయినా.

అతనికి ఇప్పుడు ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆక్సిజన్ యంత్రం ఉంది. ముక్కుకు గొట్టం పెట్టుకుని దాని పక్కనే కూచుంటాడు. కోకిలను కూడా ఎక్స్‌రే తీయించుకోమని అదే డాక్టరమ్మ చెప్పింది. ఈ బ్లాకు అప్పగించాక పోతానని కోకిల అంటుంది. ఆ బ్లాకు అయ్యాక ఇంకో బ్లాకు మొదలైంది. అతను మళ్ళీ అడిగితే, "తీస్తే ఏం చెప్తారో నీకు తెలీదా, నాకు తెలీదా?" అని గిన్నెలు సర్దుకోవడానికి లోపలికి పోయింది. అప్పటి నుంచి అతను అడగలేదు.

పొద్దున్నే కోకిల ఇంటి ముందున్న చేతిపంపు దగ్గరికి బిందె పట్టుకుని పోతుంది. పంపు ఇనుప మోత వీధంతా వినబడుతుంది. ఏకాంబరం కుర్చీలోంచి వింటూ ఉంటాడు. బిందె నిండిన చప్పుడు అతనికి తెలుసు, బోలు మోత పోయి నీళ్ళు నీళ్ళలో పడతాయి. ఈ మధ్య బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా పంపు ఆగడం లేదు. ఆ మోత చాటున కోకిల దగ్గుతోంది. ఆ దగ్గు తగ్గేదాకా పంపు కొడుతూనే ఉంటుంది. తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని, బిందె చంకనెత్తుకుని, ఏమీ ఎరగనట్టు లోపలికి వస్తుంది. అతను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు ఉంటాడు.